మీ గల్లీలో పోయిన సిగ్నల్ ఎవరి లెక్కలోకి వస్తుంది?

హైదరాబాద్‌లో నెట్‌వర్క్ పోయిన సంగతి చాలాసార్లు ఫోన్ కంటే ముందు కిరాణా కొట్టు చెబుతుంది. కొన్నతను స్కాన్ చేశాడు, అతని ఫోన్‌లో పచ్చ టిక్కు పడింది, కౌంటర్ మీది సౌండ్ బాక్స్ మాత్రం నోరు మెదపలేదు. "డబ్బులు పడలే అన్నా" అంటాడు కొట్టతను. "కట్ అయినయి, చూడు" అని ఇతను స్క్రీన్ తిప్పి చూపిస్తాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆ డబ్బాలో కూడా ఒక సిమ్ ఉంటుంది. కొన్నతని ఫోన్ ఒక కంపెనీది, డబ్బాలోది ఇంకో కంపెనీది. డబ్బు బ్యాంకు నుంచి బ్యాంకుకు వెళ్లిపోయింది, ఆ కబురే డబ్బాకు అందలేదు. కొట్టతను తన ఫోన్ తీసి చూద్దామంటే అందులోనూ అదే కంపెనీ సిమ్.

అదే సమయానికి అపార్ట్‌మెంట్ గేటు దగ్గర డెలివరీ కుర్రాడు ఓటీపీ కోసం నిలబడి ఉంటాడు. పైన ఫ్లాట్‌లో ఉన్నవాళ్లకు కాల్ వెళ్లదు, "మీరు కాల్ చేస్తున్న కస్టమర్ కవరేజ్ ఏరియాలో లేరు" అని వినిపిస్తుంది. ఎలాగోలా లైన్ దొరికి కస్టమర్ కేర్‌తో మాట్లాడితే వచ్చే జవాబు ఒక్కటే: "మీ ఏరియాలో ఎలాంటి సమస్యా నమోదు కాలేదు సర్." ఒళ్లు మండేది అక్కడే.

ఆ మాట అబద్ధమా అంటే చాలావరకు కాదు. కాల్ సెంటర్ తెర మీద కనిపించేవి కంపెనీ స్వయంగా గుర్తించి ప్రకటించిన అంతరాయాలు. ఒక టవర్ రెండు గంటలు పడుకుని లేస్తే ఆ కబురు నిర్వహణ సిబ్బందికి వెంటనే తెలుస్తుంది గానీ, ఫోన్ ఎత్తే మనిషి దాకా అన్నిసార్లూ రాదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కూడా అంతరాయాన్ని జిల్లా కొలతతోనే కొలుస్తుంది. హైదరాబాద్ జనం పడే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం కాలనీ, గల్లీ, సెల్లార్ కొలతలోవి. ఆ చిన్న కొలత కాగితం మీద లేకపోవడం వల్లే ఫిర్యాదు చేసినవాడికి పిచ్చివాడినయ్యానా అనిపిస్తుంది. కాబట్టి అసలు ఏది ఆగిందో వినియోగదారుడే పసిగట్టగలిగితే సగం చికాకు తగ్గుతుంది. ఎంతసేపు పడుతుందో, ఎవరిని అడగాలో అప్పుడే తెలుస్తుంది.

కరెంటు పోయాక గంటన్నరకు

నగరంలో సిగ్నల్ పోవడానికి ఎక్కువగా కనిపించే కారణం కరెంటు కోతే. టవర్ మీది పరికరాలు 48 వోల్టుల డీసీ కరెంటుతో నడుస్తాయి. విద్యుత్ పంపిణీ సంస్థ లైన్ నుంచి వచ్చే ఏసీని రెక్టిఫయర్ డీసీగా మారుస్తుంది, పక్కనే బ్యాటరీ బ్యాంకు చార్జవుతూ ఉంటుంది. పాతరకమైతే రెండేసి వోల్టుల సెల్స్ 24 వరసగా కలిపి ఉంటాయి, కొత్త చోట్ల లిథియం ప్యాక్‌లు. కొత్తగా ఉన్నప్పుడు మూడు నాలుగు గంటలు లాగాల్సిన ఈ బ్యాంకు, పాతబడితే గంటకే చేతులెత్తేస్తుంది.

ఎందుకు అంత త్వరగా పాతబడుతుంది? ఏసీ లేని ఇనుప క్యాబినెట్‌లో మే నెల ఎండకు కాగడం ఒకటి. వానాకాలంలో కరెంటు రోజుకు నాలుగైదుసార్లు పోయివస్తుంటే పూర్తిగా చార్జయ్యే వ్యవధి దొరక్కపోవడం ఇంకొకటి. అన్నిటికంటే పెద్దది, 2022 అక్టోబరు తర్వాత నగరమంతా 5జీ రేడియోలు పెట్టడం. అవి మింగే కరెంటు 4జీ వాటికంటే చాలా ఎక్కువ. 4జీ లోడుకు సరిపోయేలా పెట్టిన బ్యాటరీలు పెంచకుండా 5జీ తగిలిస్తే, బ్యాకప్ సమయం ఆ మేరకు కరిగిపోతుంది. అందుకే బ్యాటరీ మీదికి రాగానే ముందు 5జీ రేడియోలు ఆగిపోయేలా కొన్నిచోట్ల అమర్చుతారు. ఫోన్‌లో 5జీ గుర్తు పోయి 4జీ వచ్చిందంటే, ఆ సమయానికి కాలనీలో కరెంటు కూడా లేకపోతే, టవర్ బ్యాటరీ మీద ఉందని అనుమానించవచ్చు.

నేలమీద నిలబెట్టిన పెద్ద టవర్ల దగ్గర డీజిల్ జనరేటర్ ఉంటుంది. నగరంలో ఎక్కువ టవర్లు ఇళ్ల డాబాల మీదివి. మోత, పొగ, యజమాని అభ్యంతరం వల్ల అక్కడ జనరేటర్ పెట్టలేరు. బ్యాటరీ అయిపోతుందనగా బండి మీద జనరేటర్ తెచ్చి తగిలించాలి. కరెంటు పోయిందే పెద్ద వానకు. అదే వానకు రోడ్లు మునుగుతాయి, ఆ బండి కూడా మనలాగే ట్రాఫిక్‌లో ఇరుక్కుంటుంది. ఏడు గంటలకు కరెంటు పోతే ఎనిమిదిన్నర, తొమ్మిదికి సిగ్నల్ పోవడం, కరెంటు వచ్చిన వెంటనే కాకుండా పది పదిహేను నిమిషాల తర్వాత సిగ్నల్ రావడం ఈ రకం అంతరాయపు లక్షణం. ఆ పదిహేను నిమిషాలు పరికరాలు మళ్లీ లేచి కుదురుకోవడానికి పట్టేవి.

ఈ సందర్భంలో టెలికాం కంపెనీకి చేసే ఫిర్యాదు కంటే విద్యుత్ శాఖ 1912కు చేసే ఫోనే ముందు పనికొస్తుంది.

రెండు సిమ్‌లు పెట్టుకున్నా రెండూ ఒకేసారి పోవడం చాలామందికి అర్థం కాని విషయం. ఇండస్ టవర్స్, ఆల్టియస్ లాంటి సంస్థలు టవర్ కట్టి, కరెంటు, బ్యాటరీలు చూసుకుంటూ దాన్ని రెండు మూడు టెలికాం కంపెనీలకు అద్దెకిస్తాయి. యాంటెనాలు వేరు, కింద బ్యాటరీ గది ఒక్కటే. కంపెనీ మారినంత మాత్రాన టవర్ మారదు. రెండో సిమ్ నిజంగా ఆదుకుంటుందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. ఈసారి కరెంటు పోయినప్పుడు రెండు సిమ్‌లూ ఏ సమయానికి పడిపోయాయో రాసి పెట్టుకోవాలి. నిమిషాల తేడాతో రెండూ పోతే అవి ఒకే టవర్ మీద ఉన్నట్టే. అప్పుడు మూడో కంపెనీ చూడాలి. బీఎస్ఎన్ఎల్ చాలావరకు సొంత టవర్ల మీదే నడుస్తుంది కాబట్టి, ఆ సిగ్నల్ ఇంట్లో అందే చోట్ల అది ఒక దారి.

కరెంటు ఉన్నా టవర్ ఆగడానికి ఇంకో కారణం డాబా తాళం. అద్దె బాకీ పడిందని యజమాని మెయిన్ దించేస్తాడు, లేదా అసోసియేషన్ రేడియేషన్ భయంతో టెక్నీషియన్‌ను పైకి వెళ్లనివ్వదు. మన దేశంలో టవర్ల రేడియేషన్ పరిమితిని 2012లోనే అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతుకు కుదించారు. చుట్టుపక్కల టవర్ల వివరాలు టెలికాం శాఖ తరంగ్ సంచార్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. పైగా టవర్ దూరమయ్యేకొద్దీ చేతిలోని ఫోనే ఎక్కువ శక్తితో ప్రసారం చేస్తుంది. టవర్ వద్దని ధర్నా చేసిన కాలనీయే ఆరు నెలలకు సిగ్నల్ లేదని సంతకాలు సేకరించడం ఈ నగరంలో కొత్త కాదు.

తీగ తెగితే

టవర్‌కు, కంపెనీ మిగతా నెట్‌వర్క్‌కు మధ్య వారధి ఆప్టికల్ ఫైబర్. అది తెగితే ఆ టవర్ ప్రసారమే ఆపేస్తుంది, ఫోన్ దూరంగా ఉన్న ఇంకో టవర్‌ను పట్టుకుంటుంది. రోజూ నాలుగు గీతలుండే చోట ఒకటీ రెండూ కనిపించి, డేటా నత్తనడక నడుస్తూ, పక్కవారి వేరే కంపెనీ సిమ్ మాత్రం మామూలుగా పనిచేస్తుంటే, కరెంటు కూడా ఉంటే, ఫైబర్‌నో ఆ కంపెనీ సొంత పరికరాన్నో అనుమానించాలి.

హైదరాబాద్‌లో ఫైబర్‌కు ఇద్దరు శత్రువులు. ఒకరు జేసీబీ. నీటి పైపుకో డ్రైనేజీకో తవ్వుతుంటే అడుగున కేబుళ్లు వెళ్లే గొట్టం, అంటే డక్టు, తెగుతుంది. తవ్వే ముందు భూగర్భ కేబుళ్ల యజమానులకు తెలియజేయడానికి 2023 మార్చిలో కేంద్రం 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ తెచ్చింది. గల్లీలో రాత్రి పూట తవ్వే చిన్న కాంట్రాక్టరు దాన్ని తెరుస్తాడని ఆశపడటం కష్టమే.

రెండోది కరెంటు స్తంభం. నగరంలో ఫైబర్‌లో చాలా భాగం నేలలో కాకుండా విద్యుత్ స్తంభాల మీద వేలాడుతుంది. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథయాత్రలో కరెంటు తగిలి ఐదుగురు చనిపోయాక, స్తంభాల మీది కేబుళ్లను విద్యుత్ సిబ్బంది పెద్ద ఎత్తున కత్తిరించారు. చాలా ప్రాంతాల్లో ఇంటర్నెట్ నిలిచిపోయింది, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. స్తంభాల మీద చిక్కుపడ్డ తీగల కట్టలు ప్రమాదమన్నది నిజం. ఆ కట్టల్లో చచ్చిన కేబుల్ ఏదో, ఒక బస్తీ మొత్తానికి సిగ్నల్ మోస్తున్నది ఏదో కింద నిలబడి కటింగ్ ప్లేయర్ పట్టుకున్న మనిషికి తెలియదన్నదీ అంతే నిజం. ప్రతి కేబుల్‌కు కంపెనీ పేరుతో ట్యాగ్ కడితే సగం గొడవ తీరేది.

తెగిన ఫైబర్ అతకడం నిజానికి చిన్న పని. ఓటీడీఆర్ అనే పరికరంతో ఒక చివర నుంచి వెలుతురు పంపి, అది ఎంత దూరంలో వెనక్కి తిరిగివచ్చిందో చూసి తెగిన చోటు పట్టుకుంటారు. స్ప్లైసింగ్ మిషన్‌లో ఒక్కో పోగును అతకడానికి పట్టేది కొన్ని నిమిషాలే. 48 పోగుల కేబుల్ అయితే రెండు మూడు గంటలు. అతికిన పోగులను నీళ్లు చొరబడని జాయింట్ క్లోజర్‌లో పెట్టి మూస్తారు. సమయమంతా మిగతా పనుల్లో పోతుంది. ఓటీడీఆర్ చూపేది కేబుల్ పొడవు. స్తంభం దగ్గర చుట్టి ఉంచిన అదనపు కేబుల్ కూడా అందులో కలిసి ఉంటుంది కాబట్టి రోడ్డు మీద ఆ దూరం ఎక్కడికి వస్తుందో వెతుక్కోవాలి. తర్వాత గుంతలోని నీళ్లు తోడాలి, ట్రాఫిక్ ఆపాలి, రెండు వైపులా మిగులు కేబుల్ లేకపోతే కొత్త ముక్క లాగి రెండు చోట్ల అతకాలి. పగలు తెగితే నాలుగు నుంచి ఎనిమిది గంటలు, రాత్రి వానలో తెగితే తెల్లారేదాకా అని లెక్క వేసుకోవడం మంచిది. "24 గంటల్లో" అని కస్టమర్ కేర్ చెప్పే మాటకు ఆ గుంతతో సంబంధం లేదు, అది అందరికీ చెప్పే మాట.

ఒక దారి తెగితే ఇంకో దారిలో వెళ్లేలా ఫైబర్‌ను రింగులా వేస్తారు. కాగితం మీద రెండు దారులూ, రోడ్డు మీద ఒకే డక్టులో పక్కపక్కన. జేసీబీ పన్ను ఒకేసారి రెండింటినీ తెంపుతుంది. ఫైబర్ చేరని టవర్లకు మైక్రోవేవ్ డిష్‌లే ఆధారం. వాటిలో 70, 80 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఈ-బ్యాండ్ లింకులు కుండపోత వానలో బలహీనపడతాయి. వాన జోరుగా ఉన్నంతసేపూ నెమ్మదించి, తగ్గగానే దానంతటదే సర్దుకునే నెట్ అలాంటిదై ఉండవచ్చు.

గీతలు నిండా, డేటా సున్నా

ఇది పూర్తిగా వేరే జబ్బు. టవర్ బాగానే ఉంది, జనం ఎక్కువయ్యారు. అమీర్‌పేట, మాదాపూర్, గచ్చిబౌలి హాస్టళ్ల గల్లీల్లో రాత్రి తొమ్మిదికి ఒక్కో భవనంలో వందలమంది ఒకేసారి వీడియోలు చూస్తారు. అదే చోట తెల్లవారుజామున నాలుగింటికి వేగం పరుగులు తీస్తుంది. ట్రాయ్ మైస్పీడ్ యాప్‌లో ఈ రెండు సమయాల్లో కొలిచి చూస్తే తేడా బయటపడుతుంది. అలాంటప్పుడు "నెట్‌వర్క్ పోయింది" అని ఫిర్యాదు చేస్తే "మీ టవర్ పనిచేస్తోంది" అని మూసేస్తారు. "రాత్రి 8 నుంచి 11 వరకు రద్దీ, వేగం ఇంత" అని కొలతతో చెబితే అది సామర్థ్యం పెంచే విభాగానికి వెళ్లే ఫిర్యాదు అవుతుంది. వినాయక నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ మీద, మ్యాచ్ రోజు ఉప్పల్‌లో చక్రాల మీద తాత్కాలిక టవర్లు నిలబెట్టడం ఈ రద్దీ కోసమే.

గీతలను నమ్మకపోవడానికి ఇంకో కారణం, ఒక్కో ఫోన్ కంపెనీ వాటిని ఒక్కోలా లెక్కిస్తుంది. నికరమైన కొలత డీబీఎం, అంటే సిగ్నల్ బలాన్ని చెప్పే అంకె. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కువగా సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లో ఇది కనిపిస్తుంది. 4జీలో మైనస్ 80, 90 ఉంటే బాగున్నట్టు. మైనస్ 105 దాటితే ఇంట్లో కాల్స్ తడబడతాయి. మైనస్ 120 దగ్గర ఉంటే ఫోన్ సిగ్నల్‌ను వెతుక్కుంటూ బ్యాటరీ తినేస్తుంటుంది.

గుట్టలు, గాజు అద్దాల భవనాలు, రెండు మూడు అంతస్తుల సెల్లార్లు ఈ నగరపు శాశ్వత సిగ్నల్ గుంతలు. ఎండ వేడిని ఆపడానికి అద్దాలకు వేసే లోహపు పూత రేడియో తరంగాలనూ ఆపుతుంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీలు గోడలు దాటలేవు కాబట్టి 3300 మెగాహెర్ట్జ్ 5జీ బాల్కనీలో ఉండి బెడ్‌రూమ్‌లో మాయమవుతుంది. ఇవి అంతరాయాలు కావు, రోజూ ఉండే లోటు. దీనికి భవనం లోపల కంపెనీలతో చిన్న యాంటెనాలు పెట్టించుకోవడమే మార్గం. ఆన్‌లైన్‌లో దొరికే సిగ్నల్ బూస్టర్ కొని పెట్టడం చట్టవిరుద్ధం. పైగా అది చుట్టుపక్కల టవర్లలోకి రొద పంపుతుంది. ఒక హాస్టల్ పెట్టుకున్న బూస్టర్ వల్ల గల్లీ మొత్తానికి కాల్స్ తెగిపోయే సందర్భాలున్నాయి. ఉన్నట్టుండి ఒక ప్రాంతంలో గీతలు నిండా ఉండి కూడా కాల్ కలవకపోవడం, కలిసినా మన మాట అవతలివారికి వినిపించకపోవడం మొదలైతే దీన్నీ అనుమానించి ఫిర్యాదులో రాయవచ్చు.

అరుదుగా కంపెనీ కేంద్ర వ్యవస్థే దెబ్బతింటుంది. అప్పుడు ఇక్కడే కాదు, వరంగల్‌లో చుట్టాలకూ పనిచేయదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇప్పటికీ టెలికాం లెక్కల్లో ఒకే సర్కిల్ కాబట్టి విజయవాడలోనూ అదే పరిస్థితి ఉండవచ్చు. బాగుచేశాక కూడా లక్షల ఫోన్లు ఒకేసారి మళ్లీ నమోదవ్వాలని తోసుకొస్తాయి, అందుకే సిగ్నల్ విడతలుగా తిరిగివస్తుంది.

ముందు తేల్చుకోవాల్సింది

తెర మీద రాసి ఉన్న మాటే మొదటి ఆధారం. "ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ" అంటే మీ కంపెనీ టవర్ అందడం లేదు, వేరే కంపెనీది అందుతోంది. 112కు ఆ వేరే టవర్ మీదుగా కాల్ వెళుతుంది. "నో సర్వీస్" అంటే చుట్టూ ఏ టవరూ అందడం లేదు, లేదా తప్పు ఫోన్‌లోనే ఉంది.

ఫోన్ వైపు చేయాల్సింది పెద్దగా లేదు. ఏరోప్లేన్ మోడ్ అర నిమిషం పెట్టి తీయాలి. అప్పటికీ రాకపోతే నెట్‌వర్క్ రకాన్ని 5జీ నుంచి 4జీకి మార్చి చూడాలి. తర్వాత సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేయాలి. అక్కడ పనిచేస్తే లోపం ఫోన్‌ది. నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ అన్నది చివరికి, అది వైఫై పాస్‌వర్డ్‌లన్నీ చెరిపేస్తుంది. వాట్సాప్ నడుస్తూ కొన్ని సైట్లే తెరుచుకోకపోతే సైట్ల చిరునామాలు వెతికిపెట్టే ప్రైవేట్ డీఎన్ఎస్ సెట్టింగ్ మార్చి చూడవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇంట్లో అదే కంపెనీ సిమ్‌లు మిగతావి పనిచేస్తూ, మీ ఒక్కరి సిమ్ మాత్రం హఠాత్తుగా చచ్చిపడితే అది అంతరాయం కాకపోవచ్చు. మీ పేరుతో ఎవరో డూప్లికేట్ సిమ్ తీసుకుని ఉండవచ్చు. కొత్త సిమ్‌కు మొదటి 24 గంటలు ఎస్ఎంఎస్‌లు ఆపాలన్న నిబంధన ఈ మోసం కోసమే వచ్చింది, అంటే మీ చేతిలో ఉన్న వ్యవధి ఆ ఒక్క రోజే. వెంటనే ఇంకో ఫోన్ నుంచి టెలికాం కంపెనీకి చెప్పి నంబర్ ఆపించాలి, బ్యాంకుకు చెప్పాలి, డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. "రేపటికి వస్తుందిలే" అని పడుకోవడం ఈ ఒక్క సందర్భంలో ఖరీదైన పని.

పరిహారం లెక్క

ట్రాయ్ 2024 ఆగస్టు 2న ప్రకటించిన సేవా నాణ్యత నిబంధనలు ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. జిల్లా స్థాయిలో నాలుగు గంటలు దాటిన అంతరాయాన్ని కంపెనీ 24 గంటల్లోపు ట్రాయ్‌కు తెలపాలి. అది 24 గంటలు దాటితే పోస్ట్‌పెయిడ్ వారికి అద్దెలో తగ్గింపు, ప్రీపెయిడ్ వారికి వ్యాలిడిటీ పొడిగింపు ఇవ్వాలి. ప్రీపెయిడ్ నిబంధన 2025 ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తుంది. ఒక క్యాలెండర్ రోజులో 12 గంటలకు పైగా సేవ లేకపోతే దాన్ని పూర్తి రోజుగా లెక్కిస్తారు. ప్రకృతి వైపరీత్యాలకు మినహాయింపు ఉంది.

అంకెల్లో చూద్దాం. నెలకు 599 రూపాయల పోస్ట్‌పెయిడ్ ప్లాన్ అనుకుందాం. సోమవారం ఉదయం పదికి పోయిన నెట్‌వర్క్ మంగళవారం సాయంత్రం నాలుగింటికి వచ్చింది, మొత్తం 30 గంటలు. సోమవారం 14 గంటలు, మంగళవారం 16 గంటలు, రెండూ 12 దాటాయి కాబట్టి రెండు రోజులు. రోజుకు సుమారు 20 చొప్పున 40 రూపాయలు. అదే నెట్‌వర్క్ ఉదయం ఆరుకు పోయి రాత్రి తొమ్మిదికి వస్తే 15 గంటలు, పరిహారం సున్నా. నెల పొడుగునా రోజూ సాయంత్రం మూడు గంటలు పోతే 90 గంటలు, పరిహారం మళ్లీ సున్నా. రోజంతా ఆన్‌లైన్ ఉంటేనే పూట గడిచే బైక్ ట్యాక్సీ కుర్రాడికి రెండో సందర్భంలో పోయింది ఒక రోజు సంపాదన.

హైదరాబాద్‌లో ఇంకో చిక్కు ఉంది. అమీర్‌పేట హైదరాబాద్ జిల్లా, కూకట్‌పల్లి మేడ్చల్-మల్కాజిగిరి, గచ్చిబౌలి రంగారెడ్డి, పటాన్‌చెరు సంగారెడ్డి. మియాపూర్ నుంచి కూకట్‌పల్లి దాకా ఒకే కేబుల్ తెగి నాలుగు కిలోమీటర్ల మేర జనం అల్లాడినా, అది రెండు జిల్లాల్లో చెరో మూల మాత్రమే. పైగా పరిహారం ఆ జిల్లాలో నమోదైన కనెక్షన్లకు. కరీంనగర్ చిరునామాతో సిమ్ తీసుకుని దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లో ఉండే విద్యార్థికి ఆ లెక్కలో చోటు లేదు. నగరంలో ఇలాంటివారు ఎంతమందో చెప్పక్కర్లేదు. జిల్లాకు బదులు పిన్‌కోడ్‌నో, మున్సిపల్ వార్డునో కొలతగా తీసుకుంటే ఈ లొసుగు పోతుంది. ఏ టవర్ ఎన్ని నిమిషాలు ఆగిందో కంపెనీల దగ్గర ఎలాగూ నమోదవుతుంది, కాబట్టి సాంకేతికంగా అడ్డేమీ లేదు.

ఫిర్యాదు రాసే పద్ధతి

కంపెనీ ఫిర్యాదుల నంబర్ 198కి ఫోన్ చేసి "నెట్ రావట్లేదు" అంటే వచ్చేది రీస్టార్ట్ చేయమన్న సలహా. పిన్‌కోడ్, దగ్గరి గుర్తు, మొదలైన తేదీ, సమయం, కాల్సా డేటానా రెండూనా, ఇంటి బయట కూడా లేదా, డీబీఎం ఎంత, కాలనీలో కరెంటు ఉందా, వేరే కంపెనీ సిమ్ పనిచేస్తోందా, ఇవన్నీ ఒకే వాక్యంలో చెప్పాలి. ఉదాహరణకు: "500072, ఫలానా రోడ్డు, నిన్న సాయంత్రం 6:40 నుంచి, బయట కూడా మైనస్ 118, కరెంటు ఉంది, వేరే కంపెనీ సిమ్ బాగానే ఉంది, మా బ్లాకులో పన్నెండు ఇళ్లకు ఇదే సమస్య." ఇలా చెప్పాక రీస్టార్ట్ సలహాకు చోటుండదు.

ఫిర్యాదుకు గుర్తుగా ఇచ్చే డాకెట్ నంబర్ ఎస్ఎంఎస్‌లో రావాలి. అది రానిదే ఫిర్యాదు నమోదు కానట్టే. అసోసియేషన్ తరఫున ఒక్కరు పదిసార్లు చేయడం కంటే పది ఇళ్లవారు ఒక్కోసారి చేసి పది డాకెట్ నంబర్లు తీసుకోవడం బలం. ఒకే టవర్ కింద ఫిర్యాదులు పోగుపడితేనే ఆ టవర్ తెర మీద ఎర్రబడుతుంది. సేవా అంతరాయపు ఫిర్యాదును మూడు రోజుల్లోపు పరిష్కరించాలి. ఏమీ చేయకుండానే "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని ఎస్ఎంఎస్ వస్తే దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి 30 రోజుల్లోపు అప్పీలు చేయాలి. రుసుము లేదు, 39 రోజుల్లో తేల్చాలి. చాలామంది ఈ మెట్టు ఎక్కకుండానే ట్రాయ్‌కు రాస్తారు. వ్యక్తిగత ఫిర్యాదులను విచారించే అధికారం ట్రాయ్‌కు లేదు, తిప్పి కంపెనీకే పంపుతుంది. టెలికాం శాఖ ప్రజా ఫిర్యాదుల విభాగాన్ని కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్ ద్వారా చేరవచ్చు. అప్పీలు అయ్యాక అక్కడ రాస్తే ఫైలుకు విలువ ఉంటుంది.

వినియోగదారుల కమిషన్ దారి కూడా తెరిచే ఉంది. టెలిగ్రాఫ్ చట్టం కింద మధ్యవర్తిత్వానికే వెళ్లాలన్న కంపెనీల వాదనను వొడాఫోన్ ఐడియా కేసులో 2022 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో రుసుము లేదు. నలభై రూపాయల కోసం అక్కడికి ఎవరూ వెళ్లరు. దుకాణమో క్లినిక్కో నడిపేవారికి నెలల తరబడి లోపం కొనసాగితే, డాకెట్ నంబర్లు, డీబీఎం స్క్రీన్‌షాట్లు, అప్పీలు జవాబు చేతిలో ఉంటే వెళ్లవచ్చు. ముందుగా 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తే కొన్ని కేసులు అక్కడే తేలిపోతాయి.

పోయినప్పుడు గడవడానికి

ఇంట్లో ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్ ఉంటే వైఫై కాలింగ్ ఇప్పుడే ఆన్ చేసి పెట్టాలి. టవర్ లేకపోయినా మామూలు నంబర్ మీదే కాల్స్ వస్తాయి, చాలా ఫోన్లలో ఓటీపీలూ వస్తాయి. కరెంటు కోతలో ఇది పనికిరావాలంటే రౌటర్‌కు 12 వోల్టుల చిన్న యూపీఎస్ కావాలి. అడాప్టర్ మీద రాసిన ఆంపియర్లు చూసి అంతకు తగ్గకుండా కొనాలి. అప్పటికీ నెట్ రాకపోతే అపార్ట్‌మెంట్ మెట్ల కింద కేబుల్ ఆపరేటర్ పెట్టిన స్విచ్ డబ్బాకు కరెంటు లేదన్నమాట. నేరుగా ఇంటిదాకా ఫైబర్ వచ్చిన చోట మధ్యలో అలాంటి డబ్బా ఉండదు. మొబైల్, బ్రాడ్‌బ్యాండ్ రెండూ ఒకే కంపెనీవి తీసుకుంటే బిల్లు తగ్గుతుంది, ఒక్క కోతకు రెండూ పోయే అవకాశం పెరుగుతుంది.

దుకాణదారులు సౌండ్ బాక్స్‌లో ఏ కంపెనీ సిమ్ ఉందో అడిగి తెలుసుకుని, తమ ఫోన్‌లో వేరే కంపెనీది పెట్టుకోవడం మేలు. సిగ్నల్ ఉండి డేటా మాత్రమే లేనప్పుడు *99# ద్వారా చెల్లింపులు చేయవచ్చు. అయితే దానికి బ్యాంకు ఖాతాకు అదే నంబర్ ముడిపడి ఉండాలి. గల్లాలో కొంత చిల్లర ఉంచుకోవడం అన్నిటికంటే నమ్మకమైనది.

చివరికి పోర్ట్ అవ్వాలనుకుంటే, అంటే అదే నంబర్‌తో వేరే కంపెనీకి మారాలనుకుంటే, ముందు చేయాల్సిన పని కొత్త కంపెనీ సిమ్ ఉన్నవారిని ఇంటికి పిలిచి పడకగదిలో, సెల్లార్‌లో డీబీఎం చూడటం. కంపెనీలు వెబ్‌సైట్లలో పెట్టే కవరేజ్ మ్యాపులు వీధి వరకే నమ్మదగినవి. కరెంటు పోయినప్పుడు ఆ సిమ్ ఎంతసేపు నిలిచిందో కూడా అడగాలి. ఇప్పటి కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి, పోస్ట్‌పెయిడ్ బాకీ ఉండకూడదు, డూప్లికేట్ సిమ్ తీసుకుని ఉంటే ఏడు రోజులు ఆగాలి. పోర్ట్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి, ఖాళీ వదిలి, పదంకెల నంబర్ రాసి 1900కు పంపితే వచ్చే కోడ్ నాలుగు రోజులు చెల్లుతుంది. సర్కిల్ లోపల మార్పుకు మూడు పని దినాలు. ఆ ఎస్ఎంఎస్ వెళ్లడానికి పాత నెట్‌వర్క్ పనిచేయాలి కాబట్టి సిగ్నల్ పోయి కోపం మీద ఉన్నప్పుడు పోర్ట్ అవ్వడం కుదరదు. మారే రోజు కొన్ని గంటలు పాత సిమ్ ఆగి కొత్తది లేవకుండా ఉంటుంది. ఆ రోజు ఓటీపీ కావాల్సిన ఫీజులు, టికెట్లు, ఈఎంఐలు ముందురోజే కట్టేయాలి.